ఒక్కసారే కొనగలిగితే ఏ మైక్ కొనాలి?

ప్రశ్న: ఇంట్లో కరోకే ట్రాక్ మీద పాటలు పాడి రికార్డ్ చేసుకుంటూ ఉంటాను. ఇప్పటిదాకా ఫోన్‌తోనే నెట్టుకొచ్చాను. గొంతు మాత్రం ఎక్కడో దూరంగా, బాత్‌రూమ్‌లో పాడినట్టు వినిపిస్తోంది. ల్యాప్‌టాప్ ఉంది కాబట్టి మంచి మైక్ కొందామనుకుంటే ఒకరు కండెన్సర్ మైకే కొనమంటారు, ఇంకొకరు డైనమిక్ అయితే బయటి శబ్దాలు రావంటారు, మరొకరు షూర్ కంపెనీ ఎస్ఎం7బీ మైక్ తప్ప ఏది కొన్నా దండగే అంటారు. మా గది కిటికీ రోడ్డు వైపు ఉంది. నా గొంతు మరీ పెద్దది కాదు. ఒక్కసారే కొనగలను, మళ్లీ మళ్లీ మార్చే స్థోమత లేదు. యూఎస్‌బీ మైక్ సరిపోతుందా? ఊపిరి దెబ్బలు ఆపడానికి మైక్ ముందు పెట్టే పాప్ ఫిల్టర్ కూడా కొనాలా?

సమాధానం:

గొంతు దూరంగా, బాత్‌రూమ్‌లో పాడినట్టు వినిపిస్తోందంటే తప్పు ఫోన్ మైక్‌ది కాకపోవచ్చు. మీ గొంతు నేరుగా మైక్‌ని చేరేదానితో పాటు, గోడలకూ నేలకూ పైకప్పుకూ తగిలి తిరిగొచ్చేది కూడా దాదాపు అంతే చేరుతోంది. ఎంత ఖరీదైన మైక్ పెట్టినా ఈ రెండూ కలిసే వస్తాయి. పైగా మంచి మైక్ ఆ ఎకోని ఇంకా స్పష్టంగా పట్టుకుంటుంది. ఇష్టపడి డబ్బు కూడబెట్టుకుని మైక్ కొన్నవాళ్లు మొదటి రికార్డింగ్ వినగానే నీరుగారిపోయేది ఎక్కువగా ఇక్కడే. మీకు అలా జరగకూడదు. అందుకని కొనే ముందు ఒక్క పని చేసి చూడండి.

మీరు మామూలుగా పాడే చోట, మామూలు దూరంలో ఫోన్ పెట్టి ఒక చరణం పాడండి. తర్వాత అక్కడే ఫోన్‌ని నోటికి జానెడు దూరంలో, ఊపిరి నేరుగా తగలకుండా కాస్త పక్కగా పెట్టి అదే చరణం పాడండి. మూడోసారి బట్టలు నిండుగా ఉన్న బీరువా తలుపులు రెండూ తెరిచి, దానికి వీపు పెట్టి నిలబడి, అదే జానెడు దూరంలో పాడండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మూడూ వరసగా వినండి. పాట ఎలా ఉందో పక్కన పెట్టి, చరణంలో ఆఖరి మాట ఆగిన తర్వాతి క్షణాన్ని గమనించండి. గొంతు ఆగగానే శబ్దం తెగిపోతోందా, లేక వెనకాల తోకలా ఇంకాసేపు సాగుతోందా? ఫోన్లు శబ్దాన్ని వాటంతట అవే పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి కాబట్టి ఏది గట్టిగా ఉందన్నది పట్టించుకోవద్దు. ఆ సాగడం ఎంత తగ్గిందో మాత్రమే పోల్చండి.

మొదటిదానికీ మూడోదానికీ తేడా స్పష్టంగా తెలిస్తే, మీ ఇబ్బందిలో పెద్ద భాగం పైసా ఖర్చు లేకుండానే తీరినట్టు. కారణం చాలా సూటిగా ఉంటుంది. నోటికీ మైక్‌కీ మధ్య దూరం సగానికి తగ్గిస్తే నేరుగా వచ్చే గొంతు సుమారు 6 డెసిబెల్స్ (శబ్దం గట్టితనానికి కొలత) పెరుగుతుంది. గోడల నుంచి తిరిగొచ్చే ఎకో మాత్రం గదిలో ఎక్కడైనా దాదాపు ఒకేలా ఉంటుంది. రెండు జానల దూరం నుంచి ఒక జానకి వచ్చారంటే ఎకో కంటే మీ గొంతుకి అంత బలం అదనంగా చేరినట్టే. మైక్ మార్చినంత మాత్రాన ఇది రాదు.

బీరువాకి వీపు పెట్టమనడానికీ కారణం ఉంది. పాడటానికి వాడే మైకుల్లో ఎక్కువ భాగం కార్డియాయిడ్ రకం. అంటే ముందు వైపు నుంచి వచ్చేది బాగా వింటాయి, వెనక నుంచి వచ్చేది చాలా తక్కువ వింటాయి. మీరు మైక్‌కి ఎదురుగా నిలబడ్డారంటే మైక్ చూసేది మిమ్మల్నీ, మీ వెనక ఉన్న గోడనీ. కాబట్టి దుప్పట్లూ బొంతలూ కట్టాల్సింది ముందుగా మీ వీపు వెనక. చాలామంది మైక్ వెనకాల నాలుగు స్పాంజి ముక్కలు అతికించి, తమ వెనక గోడని బోసిగా వదిలేస్తారు. అతికించుకునే ఆ పల్చటి స్పాంజి మీద డబ్బు పెట్టొద్దని కూడా చెబుతాను. అది పై స్థాయి శబ్దాలనే కాస్త పీలుస్తుంది, గొంతులో ఉండే కింది స్థాయి మోత అలాగే ఉండిపోతుంది. మందపాటి పరుపు నిలబెట్టినా, రెండు బొంతలు గోడకి ఆనించకుండా కొంచెం ఎడంగా వేలాడదీసినా దానికంటే ఎంతో మేలు. ఇదే లెక్కన, మైక్ వీపు వైపు ఉండాల్సింది మీరు వద్దనుకునే శబ్దం: కిటికీ, ల్యాప్‌టాప్ ఫ్యాన్ లాంటివి. కిటికీకి ఎదురుగా మీరు నిలబడండి, మైక్ మీ వైపు తిరిగి కిటికీకి వీపు చూపించాలి. సీలింగ్ ఫ్యాన్ మాత్రం పాడినంతసేపూ ఆపేయాల్సిందే, దానికి మరో మార్గం లేదు.

ఇప్పుడు డైనమిక్, కండెన్సర్ గొడవ. "డైనమిక్ అయితే బయటి శబ్దాలు రావు" అన్న మాట ఎంత ప్రచారంలో ఉందో అంత అపార్థం కూడా ఉంది. డైనమిక్ మైక్‌లో పల్చటి పొరకి ఒక తీగచుట్ట అతికి ఉంటుంది. గొంతు తగిలి పొర కదిలితే ఆ చుట్ట అయస్కాంతం మధ్య కదిలి విద్యుత్ పుట్టిస్తుంది. చుట్ట బరువు వల్ల దాని స్పందన కొంచెం మందంగా ఉంటుంది, సిగ్నల్ చిన్నగా వస్తుంది. కండెన్సర్‌లో చాలా పల్చటి పొర ఒక లోహపు పలకకి అతి దగ్గరగా ఉంటుంది. తేలిక కాబట్టి చిన్న కదలికని కూడా పట్టేస్తుంది, దానికి బయటి నుంచి కరెంటు కావాలి. ఒకే శబ్దానికి మైక్ ఎంత సిగ్నల్ ఇస్తుందో చెప్పే కొలతని సెన్సిటివిటీ అంటారు, అది సున్నాకి దగ్గరైన కొద్దీ సిగ్నల్ ఎక్కువ. ఉదాహరణకి షూర్ ఎస్ఎం58 అనే డైనమిక్ మైక్ సెన్సిటివిటీ మైనస్ 54.5 డెసిబెల్స్, ఆడియో-టెక్నికా ఏటీ2020 అనే కండెన్సర్‌ది మైనస్ 37. అంటే అదే గొంతుకి కండెన్సర్ దాదాపు 17 డెసిబెల్స్ ఎక్కువ సిగ్నల్ ఇస్తుంది.

అయితే ఇది రోడ్డు శబ్దాన్ని వదిలేసి మీ గొంతునే పట్టే తెలివి కాదు. ఎస్ఎం58 సిగ్నల్ చిన్నది కాబట్టి మీరు గెయిన్ (సిగ్నల్‌ని పెద్దది చేసే మోతాదు) పెంచుతారు, అప్పుడు గొంతుతో పాటు రోడ్డూ పెరుగుతుంది. రెండు కార్డియాయిడ్ మైకుల్ని ఒకే దూరంలో పెట్టి, గొంతు ఒకే గట్టితనంతో వినపడేలా సరిచేస్తే, వెనకాల రోడ్డు శబ్దం రెండిట్లోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. మరి డైనమిక్ మైక్‌లో శబ్దం తక్కువని అందరికీ ఎందుకు అనిపిస్తుంది? దాన్ని దాదాపు పెదవులకి ఆనించి పాడతారు కాబట్టి. కండెన్సర్‌కి అంత దగ్గరికి వెళ్తే ఊపిరి దెబ్బలు తగులుతాయి, గొంతు బొంగురుగా బరువెక్కుతుంది. అందుకని దాన్ని జానెడు దూరంలో పెడతారు, ఆ దూరంలో గది దూరుతుంది. పని చేసేది దూరమే. పైగా కండెన్సర్లు, ముఖ్యంగా చవక రకాలు, పై స్థాయి శబ్దాలని కాస్త ఎత్తి చూపిస్తాయి. ఎకోలోని గరుకుతనం, స, శ అక్షరాల ఈల అందులో ఎక్కువ వినిపించడానికి అదీ ఒక కారణం.

దీన్ని మీకు అన్వయిస్తే: బీరువా దగ్గర పాడిన రికార్డింగ్‌లో ఎకో బాగా తగ్గి, రోజులో ఒక గంటైనా రోడ్డు నెమ్మదిగా ఉండే సమయం దొరికితే కండెన్సర్ తీసుకోండి. మీది పెద్ద గొంతు కాదన్నారు కదా, సన్నని గమకాలూ, మాట చివర ఊపిరి వదలడం లాంటివి అందులో చక్కగా వస్తాయి. ఏటీ2020 స్థాయి మైక్ ఇంటి పాటకి ధారాళంగా సరిపోతుంది. దాని సొంత శబ్దం, అంటే మైక్ లోపలే పుట్టే సన్నని బుస, 20 డెసిబెల్స్. రోడ్ ఎన్‌టీ1 మైక్‌లో అది 4 డెసిబెల్సే, కానీ రోడ్డు పక్క గదిలో ఆ తేడా మీ చెవికి అందదు, దానికోసం అదనంగా ఖర్చు పెట్టాల్సిన అవసరం లేదు. అలా కాకుండా రోడ్డు ఎప్పుడూ మోగుతూనే ఉంటుందనుకుంటే, గదిలో ఏమీ కట్టే వీలు లేదనుకుంటే ఎస్ఎం58 లాంటి డైనమిక్ తీసుకుని బెత్తెడు దూరంలో పాడండి. 1966 నుంచి తయారవుతున్న మైక్ అది. కింద పడినా పని చేస్తుంది, చెమ్మకి పెద్దగా బెదరదు. ఒక్కసారే కొనేవాళ్లకి ఈ గట్టిదనం చిన్న విషయం కాదు. అంత దగ్గరగా పాడితే గొంతులో కింది స్థాయి కొంచెం పెరుగుతుంది. సన్నని గొంతుకి అది కండ పట్టినట్టే ఉంటుంది. మరీ గుమ్ముగా అనిపిస్తే బెత్తెడు దూరాన్ని ఇంకో రెండు వేళ్లు పెంచితే చాలు.

మీరు చెప్పినంతవరకూ చూస్తే, గొంతు చిన్నది, కిటికీ రోడ్డు వైపు, మళ్లీ కొనే వీలు లేదు. ఈ మూడూ కలిపితే నేను డైనమిక్ వైపే మొగ్గుతాను. బీరువా పరీక్షలో మరీ మంచి ఫలితం వస్తే తప్ప.

ఎస్ఎం7బీ సంగతి. మంచి మైకే, అందులో సందేహం లేదు. కానీ దాని సెన్సిటివిటీ మైనస్ 59 డెసిబెల్స్, అంటే ఎస్ఎం58 కంటే కూడా తక్కువ. దానికి కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ ఉండాలని తయారీదారే చెబుతారు. ఇళ్లలో ఎక్కువగా వాడే ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో లాంటి చిన్న ఇంటర్‌ఫేస్‌ల (మైక్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టెల) గెయిన్ 56, 57 దగ్గర ఆగిపోతుంది. గట్టిగా పాడేవాళ్లకి ఫర్వాలేదు. మీలా నెమ్మదిగా పాడేవాళ్లు గెయిన్ చివరిదాకా తిప్పాలి, అప్పుడు గొంతు వెనక బుస్సుమనే శబ్దం మొదలవుతుంది. దాన్ని తగ్గించడానికి సిగ్నల్‌ని ముందే పెంచే బూస్టర్ ఒకటి విడిగా కొనాలి. మైక్‌కే అంత పెట్టాక ఇంకా ఖర్చు. మీ స్నేహితులు మీ మేలు కోరే చెప్పి ఉంటారు, కానీ మీ అవసరానికి అది సరిపడదు.

యూఎస్‌బీ మైక్ తీసుకోవచ్చా అని అడిగారు. తీసుకోవచ్చు, కానీ ఒక షరతు మీద. యూఎస్‌బీ మాత్రమే ఉన్న మైక్‌లో ఇంటర్‌ఫేస్ కూడా లోపలే ఉంటుంది. రేపు మీకు ఇంకో మంచి ఇంటర్‌ఫేస్ దొరికినా దానికి తగిలించలేరు, ఇద్దరు కలిసి పాడాలంటే ఒకే ల్యాప్‌టాప్‌కి రెండు యూఎస్‌బీ మైకులు పెట్టి సరిచేయడం పెద్ద తలనొప్పి. అదే శాంసన్ క్యూ2యూ, ఆడియో-టెక్నికా ఏటీఆర్2100ఎక్స్ లాంటి డైనమిక్ మైకులకి యూఎస్‌బీ, ఎక్స్ఎల్ఆర్ (ఇంటర్‌ఫేస్‌కి తగిలించే మూడు పిన్నుల కనెక్టర్) రెండూ ఉంటాయి. ఇవాళ నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టుకుని పాడుకోవచ్చు, ఎప్పుడో ఇంటర్‌ఫేస్ కొన్నప్పుడు అదే మైక్ దానికీ పనికొస్తుంది. ఇంటర్‌ఫేస్‌కి కూడా ఇప్పుడే డబ్బు సర్దగలిగితే ఎస్ఎం58 తీసుకోండి. సర్దలేకపోతే ఈ రెండు రకాల్లో ఒకటి తీసుకోండి. యూఎస్‌బీతో వాడే మైక్‌కి హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉందో లేదో కూడా చూసుకోండి. అది ఉంటేనే మీ గొంతు ఆలస్యం లేకుండా మీ చెవికి చేరుతుంది. ల్యాప్‌టాప్ లోపలికి వెళ్లి తిరిగొచ్చే గొంతు కాస్త వెనకబడి వినిపిస్తుంది, దానితో తాళం తప్పుతుంది.

బీఎం-800 పేరుతో స్టాండ్, స్పాంజి, చిన్న సౌండ్ కార్డ్ అన్నీ కలిపి అమ్మే సెట్లు కూడా మీ కంటబడే ఉంటాయి. చూడ్డానికి స్టూడియో మైక్‌లాగే ఉంటాయి. దాన్ని ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో పెట్టే కేబుల్‌తో ఇస్తారు. అసలైన కండెన్సర్‌కి కావలసింది 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే ఇంటర్‌ఫేస్ మైక్ కేబుల్ ద్వారానే పంపే కరెంటు. ఆ రంధ్రం నుంచి వచ్చేది చాలా కొద్ది వోల్టులే. ఫలితం సన్నటి గొంతు, వెనక బుస. మీ డబ్బు దాని మీద పెట్టొద్దు. అలాగే ఎస్ఎం58కి నకిలీలు విపరీతం. నమ్మకమైన అమ్మకందారు దగ్గర, బిల్లుతో కొనండి. నమ్మలేనంత తక్కువ ధరకి కొత్తది వస్తోందంటే అనుమానించాల్సిందే. సెకండ్ హ్యాండ్ డైనమిక్ అయితే పాడి చూసి ధైర్యంగా తీసుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ కండెన్సర్ అయితే ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఉత్త నిశ్శబ్దాన్ని రికార్డ్ చేసి హెడ్‌ఫోన్‌లో వినండి. చిటపటలు వినిపిస్తే లోపల చెమ్మ చేరి ఉండొచ్చు, వదిలేయండి.

మైక్ వచ్చాక మొదటిరోజు జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. ఎస్ఎం58 లాంటిదానికి గుండ్రటి తలవైపు నుంచి పాడాలి. ఏటీ2020 లాంటిది నిలువుగా నిలబెట్టి, పక్క నుంచి, కంపెనీ గుర్తు ఉన్న వైపు పాడాలి. దాన్ని కూడా ఐస్‌క్రీమ్ మైక్‌లాగా తల వైపు నుంచి పాడి, గొంతు మందంగా ఉందని మైక్ మార్చేసినవాళ్లున్నారు.

గెయిన్ పెట్టేటప్పుడు పల్లవి మొదట్లో మెల్లగా పాడి పెట్టకండి. ఆ పాటలో మీరు ఎక్కడ అన్నిటికంటే పైకి వెళ్తారో ఆ చోటు, నిజంగా పాడేంత గట్టిగా పాడుతూ, మీటర్ మైనస్ 12 నుంచి మైనస్ 6 మధ్యలో ఉండేలా తిప్పండి. మీటర్ పై హద్దయిన సున్నాకి తగిలి పగిలిన గొంతుని తర్వాత బాగుచేయడం చాలా కష్టం. తక్కువగా రికార్డ్ అయినదాన్ని పెంచుకోవడం తేలిక. సెట్టింగ్స్‌లో 24 బిట్ ఉంటే అదే పెట్టండి. తర్వాత ఎడిటింగ్‌లో 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి. రోడ్డు మీద బరువైన బండ్ల గుమ్ముమనే శబ్దంలో చాలా భాగం అక్కడే ఉంటుంది, మీ గొంతు అక్కడ ఉండదు. ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఈ పనులన్నిటికీ సరిపోతుంది.

ట్రాక్ వినడానికి బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ వాడకండి. ట్రాక్ చెవికి ఆలస్యంగా వస్తుంది, మీరు దాన్ని బట్టి పాడతారు, తీరా కలిపి చూస్తే గొంతు వెనకబడి ఉంటుంది. వైర్ ఉన్నవి, చెవిని పూర్తిగా కప్పేవి అయితే ట్రాక్ బయటికి కారి మైక్‌లో పడదు. ఒక చెవి తీసి పాడే అలవాటుంటే ఆ వైపు శబ్దం ఆపేయండి. లేకపోతే గొంతు వెనక ట్రాక్ సన్నగా వినిపిస్తూనే ఉంటుంది.

ఇక పాప్ ఫిల్టర్. అరచేయి నోటికి బెత్తెడు దూరంలో పెట్టి "ఫలం, భయం, పల్లవి" అనండి. చేతికి తగిలే ఊపిరి దెబ్బే మైక్‌లో "ధబ్" అని పడుతుంది. చేతిని కొంచెం పక్కకి జరిపి మళ్లీ అనండి, దెబ్బ దాదాపు పోతుంది. మైక్‌ని కూడా అలాగే నోటికి నేరుగా కాకుండా పెదవుల మూల దగ్గరికి జరిపి, మీ వైపు కొద్దిగా వంచి పెడితే ఈ దెబ్బతో పాటు స, శ ఈల కూడా తగ్గుతుంది. ఎస్ఎం58 తల లోపల పల్చటి స్పాంజి ఉంటుంది కాబట్టి ముందు ఏమీ కొనకుండా పక్కగా పాడి చూడండి, తర్వాత కూడా దెబ్బలు పడుతుంటేనే కొనండి. కండెన్సర్ తీసుకుంటే మాత్రం మైక్‌తో పాటే తెచ్చుకోండి, మైక్‌కి మూడు నాలుగు వేళ్ల దూరంలో బిగించండి. ఎంబ్రాయిడరీ చట్రానికి పల్చటి మేజోడు గుడ్డ లాగి కట్టినా అదే పని చేస్తుంది.